బయటి ఫిక్సేటర్ తీసే ముందు ఎముక కూడిందో లేదో ఎలా తేలుస్తారు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చెన్నైలో ఎముకలు విరిగినవారికి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని. చర్మం గుండా ఎముకలోకి దించిన పిన్నులను, తీగలను బయట రాడ్లకో రింగులకో బిగించి విరిగిన ఎముకను పట్టి ఉంచే చట్రమే బయటి ఫిక్సేటర్. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగి, ప్యాంటు కాలు కుట్టు విప్పి ఫిక్సేటర్ మీదుగా పిన్నీసులతో పట్టించుకుని, చంక కర్రలతో, చేతిలో ఎక్స్‌రే కవరుతో వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. డాక్టరు గదిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో విన్నది సగం అర్థమై సగం కాక, బయటికొచ్చాక తెలుగులో నన్ను అడిగే సందేహాలు ఏళ్ల తరబడి ఇంచుమించు ఇవే. అందుకే వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా దాని జవాబు అక్కడికక్కడే పూర్తవుతుంది. మీ కాలి విషయంలో తుది నిర్ణయం మాత్రం మీ కాలును చేత్తో పట్టి చూసిన సర్జన్‌దే.

## ఫిక్సేటర్ వేసిన తొలి వారాల్లో

పక్క బెడ్ ఆయనకు పది రోజుల్లో రాడ్లు తీసేశారు, నాకు ఆరు నెలలంటున్నారు. ఎందుకీ తేడా?

బయటి ఫిక్సేటర్‌ను రెండు వేర్వేరు అవసరాలకు వాడతారు. ప్రమాదంలో కాలు బాగా నలిగి, వాచి, చర్మం చిట్లి ఉన్నప్పుడు వెంటనే లోపల ప్లేటు గానీ రాడ్డు గానీ వేయడం క్షేమం కాదు. అప్పుడు ఎముకను కదలకుండా పట్టి ఉంచడానికి ముందు బయటి నుంచి బిగిస్తారు. వాపు తగ్గి చర్మం మీద సన్నని ముడతలు కనిపించాక, సాధారణంగా రెండు వారాల లోపు, దాన్ని తీసి లోపలి అమరికకు మారుస్తారు. అంతకు మించి ఆలస్యమైతే పిన్నుల దారిలో చేరిన సూక్ష్మజీవులు లోపల వేసే రాడ్డును పట్టుకునే భయం ఎక్కువవుతుంది. మీ పక్క బెడ్ ఆయనకు జరిగింది బహుశా ఇదే. ఆయన ఫిక్సేటర్ తీసింది ఎముక కూడినందుకు కాదు, దాని తాత్కాలికమైన పని అయిపోయినందుకు. మీకు వేసింది ఎముక కూడేదాకా ఉండాల్సిన ఫిక్సేటర్ అయితే లెక్క వేరు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే రోజునే “ఇది తాత్కాలికమా, చివరిదాకా ఉండేదా?” అని సర్జన్‌ను అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క మాట తెలియక నెలల తరబడి ఇతరులతో పోల్చుకుని కుంగిపోయినవారు ఉన్నారు.

మామూలుగా ఎన్ని నెలలు ఉంచుతారు?

మణికట్టుకు వేసినదైతే ఆరు వారాల ప్రాంతంలో తీస్తారు. మోకాలి కింది పెద్ద ఎముక, అంటే టిబియా, గాయం తెరుచుకునేలా విరిగితే నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే, కొందరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ ఎముక ముందువైపు లోపలి అంచు మీద కండ లేకుండా చర్మమే ఉంటుంది. ఒకసారి చేత్తో తడిమి చూసుకుంటే తెలుస్తుంది. చుట్టూ కండ తక్కువ కనుక రక్తం అందడం తక్కువ, రక్తం తక్కువైన చోట ఎముక కూడటం నిదానం.

ఎముక ముక్క పోయి, దాన్ని సాగదీసి పూడుస్తున్నవారికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఈ పద్ధతిని సైబీరియాలోని కుర్గాన్‌లో 1950ల నుంచి తీర్చిదిద్దిన ఇలిజరోవ్ పేరుతోనే ఆ రింగుల ఫిక్సేటర్‌ను పిలుస్తున్నారు. రోజుకు 1 మి.మీ. చొప్పున, దాన్ని నాలుగు విడతలుగా 0.25 మి.మీ. వంతున తిప్పి సాగదీస్తారు. సాగదీసిన ప్రతి రోజుకూ సుమారు రెండు రోజులు గట్టిపడటానికి వదలాలని లెక్క. 5 సెం.మీ. పెంచితే సాగదీతకు 50 రోజులు, ఆ తర్వాత గట్టిపడటానికి మరో 100 రోజులు అన్నమాట. ఇవన్నీ అంచనాలే. క్యాలెండరు చూసి ఏ సర్జనూ ఫిక్సేటర్ తీయడు.

లోపల ఎముక అసలు ఎలా కూడుతుంది?

విరిగిన చోట ముందు నెత్తురు గడ్డ కడుతుంది. ఆ గడ్డలోకి కొత్త రక్తనాళాలూ కణాలూ చేరి, రెండు మూడు వారాలకు మెత్తటి పీచులాంటి, మృదులాస్థిలాంటి పదార్థంగా మారుతుంది. దాన్ని కాలస్ అంటారు. తర్వాతి నెలల్లో అందులో ఖనిజం చేరి గట్టి ఎముక అవుతుంది. ఆ పైన ఏడాది, రెండేళ్ల పాటు శరీరం దాన్ని చెక్కుకుంటూ పాత ఆకారానికి తెచ్చుకుంటుంది. మెత్తటి కాలస్ ఎక్స్‌రేలో కనబడదు. మొదటి నెల ఎక్స్‌రేలో “ఏమీ లేదు” అన్నారని బెంగపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. విరిగిన కొనల మధ్య కొద్దిపాటి కదలిక కాలస్‌ను ప్రేరేపిస్తుంది, కదలిక మితిమీరితే పీచు పీచుగానే మిగిలిపోయి ఎముక కాదు. ఫిక్సేటర్ చేసేది ఆ మోతాదును అదుపులో ఉంచే పని.

## ఎముక కూడుతున్న నెలల్లో

నొప్పి లేకుండా నడుస్తున్నాను. ఎముక కూడినట్టే కదా?

ఇది మంచి సూచన, కానీ రుజువు కాదు. ఫిక్సేటర్ గట్టిగా బిగించి ఉన్నంతకాలం మీ బరువులో కొంత భాగం పిన్నుల మీదుగా రాడ్లలోకి వెళ్లి, విరిగిన చోటును దాటుకుని, కింది పిన్నుల ద్వారా నేలకు చేరుతుంది. ఇంటికి దూలం పగిలినప్పుడు కింద ఆసరాగా గుంజ పెడితే కప్పు నిలబడినట్టే ఇదీ. కప్పు కూలలేదు కనుక దూలం బాగుపడిందని ఎవరూ అనరు. అందుకే నొప్పి లేని నడకను సర్జన్లు ఒక మెట్టుగా మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. దీనికి వ్యతిరేకమైనది మాత్రం గట్టి సాక్ష్యం. ఫిక్సేటర్ ఉండగానే, పిన్నుల దగ్గర కాకుండా సరిగ్గా విరిగిన చోటే, కాలు మోపినప్పుడల్లా నొప్పి పుడుతుంటే ఎముక ఇంకా కూడలేదని ఎక్కువగా అనుకోవచ్చు.

కాలు మోపితే అతుక్కుంటున్నది విడిపోదా?

డాక్టరు చెప్పిన మోతాదులో మోపితే విడిపోదు, సరికదా ఎముకకు అది మేలు. మోపకుండా నెలల తరబడి కాలును గాలిలో ఉంచితే ఎముక పలచబడుతుంది, మడమ పైకి లాగేసి పాదం కిందికి వాలిపోతుంది. “సగం బరువు” అంటే ఎంతో నోటితో చెబితే అర్థం కాదు కనుక, ఇంట్లో బరువు తూచే మిషన్ ఉంటే దాని మీద ఆ కాలు ఒక్కటే పెట్టి, రెండో కాలు అదే ఎత్తు పీట మీద ఉంచి, చంక కర్రల మీద ఊనుకుంటూ ముల్లు చెప్పిన అంకెకు వచ్చేదాకా నెమ్మదిగా నొక్కండి. ఇరవై కిలోలంటే కాలికి ఎలా ఉంటుందో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. కొన్ని ఫిక్సేటర్లకు, కొన్ని రకాల విరుపులకు అసలు బరువే మోపకూడదు కాబట్టి, మొదట అనుమతి తీసుకోండి.

పిన్ను దగ్గర రసి కారుతోంది. దీనివల్ల ఎముక కూడదా?

కొద్దిగా పలచని రసి కారి ఎండి పొక్కు కట్టడం చాలామందికి జరుగుతుంది. శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. చర్మం ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పిగా, చీము చిక్కగా ఉంటే మందులు అవసరం. ఆ ఇన్ఫెక్షన్ సాధారణంగా పిన్ను చుట్టూ చర్మం, కండ వరకే ఉంటుంది, విరిగిన చోటుకు పాకడం అరుదు. అసలు చిక్కు వేరే ఉంది. ఇన్ఫెక్షన్ ముదిరితే పిన్ను ఎముకలో వదులవుతుంది. ఎక్స్‌రేలో దాని చుట్టూ నల్లని అంచు కనిపిస్తుంది. వదులైన పిన్నుతో ఫిక్సేటర్ పట్టు సడలి, విరిగిన చోట కదలిక పెరుగుతుంది. ఎముక కూడకముందే పిన్ను వదులైతే ఆ పిన్నును మార్చాలే తప్ప మొత్తం ఫిక్సేటర్‌ను తీసేయడం పరిష్కారం కాదు.

బీడీ, సిగరెట్ మానాలా?

మానాలి. పొగాకు చిన్న రక్తనాళాలను కుదించి ఎముక కూడటాన్ని ఆలస్యం చేస్తుందని స్పష్టంగా తెలిసిన విషయం. తగ్గించడం చాలదు, గుట్కాకూ ఇదే వర్తిస్తుంది.

నల్లేరు పచ్చడి, మేక కాళ్ల సూప్ తింటే త్వరగా కూడుతుందా? పథ్యం ఏమైనా ఉందా?

మనవైపు నల్లేరు, ఇక్కడివాళ్లు పిరండై అని పిలిచే తీగను ఎముకలకు మంచిదని తరతరాలుగా తింటున్నారు. పచ్చడిగా, ఆహారంగా తింటే అభ్యంతరం లేదు. పొడులు, మాత్రల రూపంలో వాడాలనుకుంటే డాక్టరుకు చెప్పి వాడండి. కాళ్ల సూప్‌లో కాల్షియం జనం అనుకున్నంత ఉండదు, కాకపోతే ఆకలి పుట్టి నాలుగు ముద్దలు ఎక్కువ తింటే మంచిదే. నాకు కోపం తెప్పించేది పథ్యం. పెరుగు చలువ, గుడ్డు వేడి, పప్పు చీము పట్టిస్తుంది అంటూ నెలల తరబడి చారన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎముకకు కావలసింది మాంసకృత్తులు, కాల్షియం, విటమిన్ డి. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు, వేరుశనగలు మీకు అలవాటైనవన్నీ తినండి. నెలలుగా ఇంట్లోనే పడుకున్నవారికి ఎండ తగలదు కనుక విటమిన్ డి పరీక్ష చేయించమని డాక్టర్లు అడగడం సబబే.

ఇది తీయించేసి పుత్తూరు కట్టు కట్టించుకుంటే?

చిత్తూరు ప్రాంతం నుంచి వచ్చేవాళ్లలో ఈ మాట అననివారు తక్కువ. చెన్నైలో కూడా వీధి వీధినా ఆ పేరుతో బోర్డులు కనిపిస్తాయి. చర్మం చెదరని, కొనలు జరగని చిన్న విరుపులకు కట్టు కట్టి కుదిర్చిన అనుభవం ఆ కట్టు కట్టే నాటువైద్య కుటుంబాలకు ఉండవచ్చు, దాన్ని నేను తీసిపారేయను. కానీ మీకు ఫిక్సేటర్ వేయడానికి కారణం గాయం తెరుచుకోవడమో, ఎముక ముక్కలవడమో, కొంత పోవడమో అయి ఉంటుంది. అలాంటి ఎముకను గట్టిపడకముందే ఫిక్సేటర్ నుంచి విడిపించి కట్టులో పెడితే అది వంగిపోతుంది. పిన్ను రంధ్రాల మీద ఆకు పసరు, గుడ్డ గట్టిగా చుట్టడం వల్ల చీము లోపలికి దిగే ప్రమాదం కూడా ఉంది.

## తీయవచ్చా అని తేల్చే దశలో

ఎక్స్‌రేలో డాక్టరు ఏం చూస్తారు?

ఎముకను ఒక గొట్టంగా ఊహించుకోండి. దాని గట్టి గోడను కార్టెక్స్ అంటారు. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో ఎడమ, కుడి గోడలు కనిపిస్తాయి, పక్క నుంచి తీసినదానిలో ముందు, వెనుక గోడలు కనిపిస్తాయి. ఇలా రెండు ఫోటోల్లో నాలుగు గోడలు. వీటిలో కనీసం మూడింటి మీద కొత్త ఎముక ఒక కొన నుంచి మరో కొనకు వంతెనలా కలిసిపోయి ఉండాలన్నది సర్జన్లు విస్తారంగా పాటించే కొలబద్ద. ఒకే కోణంలో తీసిన ఎక్స్‌రేతో ఈ లెక్క తేలదు కనుక, “ఒక్క ఫోటో చాలదా, డబ్బు దండగ” అని రెండోది వద్దనకండి.

దీన్నే అంకెల్లో పెట్టే పద్ధతి ఒకటి 2010లో వచ్చింది. దాని పేరు రస్ట్ స్కోరు. ఒక్కో గోడకు, విరిగిన గీత కనిపిస్తూ కాలస్ లేకపోతే 1, కాలస్ పుట్టి గీత కూడా ఇంకా కనిపిస్తుంటే 2, కాలస్ కలిసిపోయి గీత మాయమైతే 3 ఇస్తారు. నాలుగు గోడలకూ కలిపి తక్కువలో తక్కువ 4, ఎక్కువలో ఎక్కువ 12 వస్తుంది. టిబియాలో లోపలి రాడ్డు వేసినవారి కోసం రూపొందించిన లెక్క ఇది. ఫిక్సేటర్ ఉన్నవారికి వాడేటప్పుడు కొంత విచక్షణ అవసరం, ఎందుకంటే ఫిక్సేటర్ చాలా బిగువుగా ఉంటే కాలస్ పెద్దగా పుట్టకుండానే ఎముక కూడవచ్చు. రిపోర్టులో అంకె చూసి మీరే తీర్పు చెప్పుకోకండి. గత నెల 6 ఉన్నది ఈ నెల 9 అయిందా అన్న పెరుగుదలే ఎక్కువ చెబుతుంది.

రాడ్లూ రింగులూ అడ్డొచ్చి విరిగిన చోటే కనబడటం లేదంటున్నారు. అప్పుడు?

కాలును కొంచెం తిప్పి ఏటవాలు కోణాల్లో అదనంగా ఎక్స్‌రే తీస్తారు. కార్బన్ రాడ్లు ఎక్స్‌రేకు అడ్డు రావు, స్టీలువి వస్తాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ చేయిస్తారు. ఎక్స్‌రేలో కలిసినట్టు కనిపించిన గోడల మధ్య ఖాళీ ఉన్న సంగతి సీటీలో బయటపడుతుంటుంది. అయితే లోహం చుట్టూ సీటీ బొమ్మలోనూ చారలు పడతాయి, స్టీలుకు ఎక్కువ, టైటానియంకు తక్కువ. ఫిక్సేటర్‌తో ఎంఆర్ఐ గదిలోకి మాత్రం సొంతంగా వెళ్లకూడదు. మీ ఫిక్సేటర్ రకం సిబ్బందికి ముందే చెప్పాలి.

పాత ఎక్స్‌రేలన్నీ మోసుకురావాలా?

తప్పకుండా, తేదీల వరుసలో పెట్టి తీసుకురండి. ఈ రోజు ఎక్స్‌రే ఒక్కటే అయితే ఎముక ఎలా ఉందో మాత్రమే చెబుతుంది, పక్కన రెండు నెలల కిందటిది ఉంటే ఎటు పోతోందో చెబుతుంది. ఊళ్లో ఒక సెంటర్‌లో, ఇక్కడ మరో సెంటర్‌లో తీయించినవి కోణాలు కలవక పోల్చడం కష్టమవుతుంది. వీలైతే ఒకే చోట తీయించండి. ఫిల్ములను బీరువా మీద ఎండ, తేమ తగిలేచోట పెట్టకండి, ఫోనులో ఫోటో తీసి ఉంచుకున్నా ఫిల్మును పారేయకండి.

ఎక్స్‌రేలో కూడిందన్నారు. అయినా ఇంకా ఎందుకు తీయరు?

ఈ ఒక్క ప్రశ్న దగ్గరే రోగులకూ డాక్టర్లకూ మాట పట్టింపులు వస్తుంటాయి కనుక వివరంగా చెబుతాను. ఎక్స్‌రే చూపేది ఖనిజం ఉందా లేదా అన్నది. ఆ ఎముక మీ బరువుకు వంగకుండా నిలుస్తుందా అన్నది దానికి తెలియదు. చూడటం ఒకటి, మోయడం మరొకటి.

ఈ తేడాను నేరుగా కొలిచిన ఒక అధ్యయనం 1994లో బ్రిటన్ నుంచి వెలువడింది. టిబియా విరిగి ఫిక్సేటర్ వేయించుకున్న రోగులను రెండు వర్గాలుగా చూశారు. మొదటి 117 మందికి ఎప్పటిలాగే చేత్తో పరీక్షించి, ఎక్స్‌రే చూసి తీసే నిర్ణయం చేశారు. మిగతా 95 మందికి విరిగిన చోటు వంగుడుకు ఎంత బిగువుగా ఎదురు నిలుస్తోందో పరికరంతో కొలిచి, అది డిగ్రీకి 15 న్యూటన్ మీటర్లు దాటాకే తీశారు. మీటరు పొడవు కర్ర కొసకు కిలోన్నర బరువు వేలాడదీస్తే కర్ర మొదట్లో పడే వంచే బలం దాదాపు అంత. ఆ బలానికి ఎముక ఒక డిగ్రీ కంటే ఎక్కువ వంగకూడదన్నది దాని భావం. మొదటి వర్గంలో ఎనిమిది మందికి తీశాక మళ్లీ విరిగింది. కొలిచిన వర్గంలో ఒక్కరికీ విరగలేదు. అనుభవం ఉన్న సర్జన్ల కన్నూ చెయ్యీ కూడా కొన్నిసార్లు తొందరపడతాయని దీనివల్ల తెలిసింది.

ఆ పరికరం మామూలు ఆసుపత్రుల్లో ఉండదు. దాని బదులు సర్జన్లు ఒక మెట్టు తర్వాత మరో మెట్టు ఎక్కుతారు. మూడు గోడలు కలిశాయా, నొక్కితే నొప్పి ఉందా, పూర్తి బరువు మోపి నడవగలరా, ఫిక్సేటర్‌ను వదులు చేసి నడిపిస్తే ఏమవుతోంది, రాడ్లు విప్పి చేత్తో వంచి చూస్తే కదులుతోందా అని వరుసగా చూస్తారు. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. అన్నీ ఒకే వైపు చూపిస్తేనే తీస్తారు. “ఇంకో నెల చూద్దాం” అన్న డాక్టరు మీ మీద పగబట్టి అనలేదు.

నట్లు వదులు చేసి నడవమన్నారు. నడిస్తే నొప్పి మొదలైంది, ఏదో చెడిపోయిందా?

చెడిపోలేదు, పరీక్ష దాని పని అది చేస్తోంది. రింగుల ఫిక్సేటర్‌లో రింగులను కలిపే కడ్డీల నట్లు కొద్దిగా వదులు చేస్తారు. కాలికి ఒకే పక్కన పట్టాలా ఉండే ‘రైల్’ రకం ఫిక్సేటర్లో స్క్రూను సడలిస్తారు. రెండు రాడ్లు ఉంటే ఒకటి తీసేస్తారు. దీన్ని డైనమైజేషన్ అంటారు. ఇన్నాళ్లూ ఫిక్సేటర్ మోసిన బరువు ఇప్పుడు ఎముక మీదికి మళ్లుతుంది. ఆ అదనపు బరువే చివరి దశలో ఎముకను గట్టిపరుస్తుంది కూడా. ఇలా రెండు నుంచి నాలుగు వారాలు నడిపించి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. నొప్పి లేక, ఎముక కోణం మారకపోతే తీసే రోజు దగ్గరపడినట్టే.

మొదటి రెండు మూడు రోజులు కండరాల బిగువు, కొత్త బరువు వల్ల కాస్త అసౌకర్యం ఉండవచ్చు. విరిగిన చోటే నొప్పి పుట్టి, నడిచినకొద్దీ పెరిగి, కూర్చుంటే తగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి, నట్లు మళ్లీ బిగించి మరికొన్ని వారాలు ఆగుతారు. నొప్పి మాత్ర మింగి ఆ నొప్పిని కప్పిపుచ్చి “బాగుంది” అని చెప్పడం మీకు మీరు చేసుకునే అన్యాయం. ఇంట్లో పానా ఉంది కదా అని నట్లు సొంతంగా తిప్పడమూ అంతే.

వచ్చే నెల అమ్మాయి పెళ్లి. పదిహేను రోజులు ముందు తీయిస్తే ఏమవుతుంది?

ఇలాగే పట్టుబట్టి, చెప్పినా వినక, వేరేచోట తీయించుకున్న ఒక పెద్దాయన నాకు గుర్తున్నారు. పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాలి, ఈ ఇనుముతో ఎలా అన్నది ఆయన బాధ. ఆ బాధ నిజమైనదే. పెళ్లి బాగా జరిగింది. మూడు వారాల తర్వాత కాలు బయటికి వంగి, వాచి వచ్చారు. మళ్లీ ఆపరేషన్, మళ్లీ రింగులు, మరో ఎనిమిది నెలలు. ఒక నెల ఆలస్యంగా తీస్తే పోయేది ఆ నెల, ఇంకొంచెం చిరాకు, పిన్నుల శుభ్రత. ముందుగా తీస్తే పోయేది ఏడాది కావచ్చు. పీట బదులు కుర్చీలో కూర్చుని, పంచె కిందికి జార్చి కూడా కన్యాదానం చేయవచ్చు. పురోహితులు అభ్యంతరం చెప్పరు, నేను అడిగి తెలుసుకున్నాను.

రక్త పరీక్షలో తెలిసిపోదా?

ఎముక కూడిందని చెప్పే రక్త పరీక్ష లేదు. ఈఎస్ఆర్, సీఆర్పీ పరీక్షలు లోపల ఇన్ఫెక్షన్ ఉందేమోనని అనుమానించడానికి ఉపయోగపడతాయి.

షుగర్ ఉంది. నాకు లెక్కలు వేరా?

అవే మెట్లు, ఇంకొంచెం ఓపికతో. షుగర్ అదుపులో లేకపోతే ఎముక కూడటం నిదానిస్తుంది, పిన్నుల దగ్గర చీము పట్టడం ఎక్కువ. పాదాల్లో స్పర్శ తగ్గినవారి విషయంలో మరో జాగ్రత్త ఉంది. వారికి నొప్పి సరిగ్గా తెలియదు కనుక “నొప్పి లేదు” అన్న మాటను సర్జన్లు తక్కువగా నమ్మి, ఎక్స్‌రే మీద ఎక్కువ ఆధారపడతారు. మీకు తిమ్మిర్లు ఉంటే ఆ సంగతి అడగకపోయినా చెప్పండి.

తొమ్మిది నెలలైంది, ఇంకా కూడలేదు. ఇక ఎప్పటికీ ఇంతేనా?

కనీసం తొమ్మిది నెలలు గడిచి, చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో ఏ పురోగతీ లేకపోతే దాన్ని నాన్ యూనియన్‌గా (అంటే ఎముక కూడటం ఆగిపోయినట్టుగా) పరిగణించడం వాడుకలో ఉంది. నిదానంగానైనా ముందుకు సాగుతుంటే అది ఆలస్యం మాత్రమే. నాన్ యూనియన్ అన్నంత మాత్రాన దారులు మూసుకుపోవు. కొనలను ఫిక్సేటర్‌తోనే దగ్గరకు నొక్కడం, నడుము ఎముక నుంచి గుజ్జు తెచ్చి వేయడం, అడ్డుగా నిలుస్తున్న ఫిబులాను (టిబియా పక్కనే ఉండే సన్న ఎముకను) కొద్దిగా కోయడం, ఇన్ఫెక్షన్ లేకపోతే లోపలి రాడ్డుకో ప్లేటుకో మార్చడం వంటివి చేస్తారు. అయితే ముందు కారణం తేలాలి. ఇన్ఫెక్షన్ దాగి ఉందా, ఫిక్సేటర్ వదులైందా, రక్తం అందడం లేదా, పొగ మానలేదా అన్నది తేల్చకుండా మరో ఆరు నెలలు ఊరికే ఎదురుచూడటం సరికాదు.

## తీసే రోజు

మత్తు ఇస్తారా? బాగా నొప్పిగా ఉంటుందా?

సన్నని తీగలను ఒక పక్క కత్తిరించి మరో పక్కకు లాగుతారు. లావు పిన్నులను స్క్రూ విప్పినట్టు తిప్పి తీస్తారు. చాలామందికి ఓపీలోనే, నొప్పి మందు ఇచ్చి తీయగలుగుతారు. వదులైన పిన్ను సులువుగా వచ్చేస్తుంది. ఎముకకు గట్టిగా పట్టేలా హైడ్రాక్సీ అపటైట్ పూత పూసిన పిన్నులు, పిల్లలు, బాగా భయపడేవారు అయితే మత్తు ఇచ్చి ఆపరేషన్ థియేటర్‌లో తీయడం మంచిది. మత్తు ఇచ్చేదైతే ఎన్ని గంటల నుంచి ఏమీ తినకూడదో ముందురోజే అడగండి. తెల్లవారి రైలుకు బయల్దేరి గూడూరులో ఇడ్లీ తినేసి వచ్చి వెనక్కి వెళ్లినవారు ఉన్నారు.

తీస్తామని పిలిచారు, రాడ్లు విప్పి మళ్లీ బిగించి పంపేశారు. ఇదేం పద్ధతి?

సరైన పద్ధతే. మంచి సర్జన్ ముందు పిన్నులు తీయడు, వాటిని కలిపే రాడ్లు మాత్రమే విప్పుతాడు. అప్పుడు కాలును పై కింది భాగాలు పట్టుకుని పక్కలకూ ముందువెనుకలకూ మెల్లగా వంచి చూస్తాడు, అవసరమైతే అప్పటికప్పుడు తెర మీద బొమ్మ చూపే సీ ఆర్మ్ ఎక్స్‌రే కింద చూస్తాడు. కదలిక గానీ, విరిగిన చోట నొప్పి గానీ ఉంటే పిన్నులు ఇంకా ఉన్నాయి కనుక రాడ్లు తిరిగి బిగించవచ్చు. పిన్నులు తీసేశాక ఆ అవకాశం పోతుంది. తీయకుండా తిరిగి రావాల్సి రావచ్చని మనసులో పెట్టుకునే బయల్దేరండి, ఇంట్లోవాళ్లకూ చెప్పండి.

## తీసిన తర్వాత

తీసేశారు కదా, ఇక మామూలుగా నడవచ్చా?

వెంటనే కాదు. ఫిక్సేటర్ తీసిన తొలి వారాల్లోనే మళ్లీ విరగడమో వంగడమో జరిగే ప్రమాదం ఎక్కువ. అందుకే చాలామందికి కొన్ని వారాల పాటు కట్టు గానీ బ్రేస్ గానీ వేసి, చంక కర్రలతో మొదలుపెట్టించి, క్రమంగా ఒక కర్ర, తర్వాత ఏదీ లేకుండా నడిపిస్తారు. సెంట్రల్ స్టేషన్ జనంలో, లోకల్ రైలు ఎక్కే తోపులాటలో ఆ వారాల్లో కర్ర వదలకండి. కర్ర కనబడితే జనం తప్పుకుంటారు, అదీ ఒక రక్షణే. బైకు, బరువులెత్తడం, పొలం గట్ల మీద నడక డాక్టరు చెప్పేదాకా ఆపండి.

పిన్నుల రంధ్రాలు పూడుకుపోతాయా?

చర్మం మీది రంధ్రాలు ఒకటి రెండు వారాల్లో మూసుకుపోతాయి. అంతవరకు పొడి డ్రెస్సింగ్ చాలు. ఎముకలోని రంధ్రాలు నిండటానికి నెలలు పడుతుంది. కర్రకు తూటు పెడితే అక్కడే విరిగినట్టు, నిండని రంధ్రం దగ్గర కొత్తగా విరిగే అవకాశం ఉంటుంది. పాత విరుపు పూర్తిగా కూడినా కొంతకాలం దూకడం, పరుగెత్తడం వద్దనడానికి కారణం ఇదే. ఏ రంధ్రమైనా మూసుకోక, నెల తర్వాత కూడా చీము వస్తుంటే లోపల ఎముకలో ఇన్ఫెక్షన్ మిగిలిందేమో చూపించుకోవాలి.

మా బాబుకు తొడ ఎముకకు వేశారు. పిల్లలకు త్వరగా కూడుతుంది కదా, త్వరగా తీయవచ్చా?

పిల్లల ఎముక పెద్దవాళ్లకంటే వేగంగా కూడే మాట నిజం. కానీ తొడ ఎముకకు బయటి ఫిక్సేటర్ వేసిన పిల్లల్లో తీశాక మళ్లీ విరగడం బాగా తెలిసిన సమస్య. అందుకే మూడు, వీలైతే నాలుగు గోడలూ కలిసేదాకా ఆగుతారు. తీసిన మరుసటి రోజునే పిల్లవాడు గోడ దూకుతాడు కనుక, కొన్ని వారాలు ఆటల పీరియడ్‌కు పంపవద్దని బడికి చీటీ రాసి ఇవ్వండి.

తీసిన తర్వాత ఏది మామూలు, ఏది కాదు?

సాయంత్రానికి చీలమండ దగ్గర వాపు వచ్చి, కాలు ఎత్తుపెట్టి పడుకుంటే తెల్లారేసరికి తగ్గడం, మోకాలు బిగుసుకోవడం, పిక్క సన్నబడి ఉండటం, మొదటి వారం కాలు తేలిపోయినట్టు అనిపించడం మామూలే. పాత విరుపు దగ్గర ఉన్నట్టుండి నొప్పి రావడం, ‘టక్’మని శబ్దం రావడం, కాలు నిటారుగా లేదనిపించడం, అక్కడ ముట్టుకుంటే వేడిగా వాచి ఉండటం, జ్వరం మామూలు కాదు. అలాంటప్పుడు కాలు మోపకుండా అట్టముక్కో దిండో కట్టి కదలకుండా చేసి, ఆ రోజే దగ్గరలోని ఎముకల డాక్టరు దగ్గర రెండు కోణాల ఎక్స్‌రే తీయించండి. చెన్నై దాకా రావడానికి మరుసటి రోజు రైలు కోసం ఆగకండి. వంగడం తొలిరోజుల్లోనే పసిగడితే కొందరికి కట్టుతో సరిచేయగలుగుతారు.